నలభయ్యో పిల్ల

ఆవిడకి హాజరమ్మ అని పేరు పెట్టింది పిల్లలే. కాలనీ ప్రాథమిక పాఠశాలలో గుమాస్తా. ఇరవై ఆరేళ్లుగా రోజూ పదిన్నరకి తరగతి తరగతికీ తిరిగి హాజరు చీటీలు పోగుచేసుకొచ్చి, ఆఫీసు గదిలో కిటికీ పక్క బల్ల మీద పెద్ద రిజిస్టరు తెరిచి ఎక్కించడం ఆవిడ పని. ఆవిడ గుమ్మంలో కనిపిస్తే చాలు, వెనక బెంచీల్లోంచి "హాజరమ్మొచ్చింది" అని గుసగుస లేచేది. ఆ పిల్లలు పెద్దవాళ్లై ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. పేరు మాత్రం ఆవిడకి ఉండిపోయింది.

కాలనీ మారిపోవడం మిగతావాళ్లు వీధిలో చూశారు. హాజరమ్మ రిజిస్టరులో చూసింది. మొదట్లో 'తండ్రి వృత్తి' అన్న గడి నింపడానికి ఆలోచించాల్సిన పనే ఉండేది కాదు. ఫిట్టరు, ఫిట్టరు, వెల్డరు, ఫిట్టరు, ఫోర్‌మన్. అందరూ పంపుల ఫ్యాక్టరీవాళ్లే. ఇళ్లన్నీ ఫ్యాక్టరీ కట్టించినవే. ఒకే గోడకి అటొకటీ ఇటొకటీ అతికించినట్టు జంట ఇళ్లు. రెండు గదులు, ఒక వంటగది, వెనక జానెడు పెరడు. ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది ఆ గడిలో 'ప్రస్తుతం లేదు' అని రాయాల్సివచ్చింది. ఆ మాట రాస్తుంటే తండ్రులు కిటికీ అవతల నిలబడి తమ చెప్పులవంక చూసుకునేవాళ్లు. తరవాత 'డ్రైవరు', 'కాపలా', 'చిన్న వ్యాపారం'. ఆ తరవాత పేర్ల మీద ఎర్రసిరా గీతలు, పక్కన 'బదిలీ పత్రం ఇవ్వడమైనది'. అంతకుముందు ఒక ఎర్రసిరా సీసా రెండేళ్లు వచ్చేది. ఆ ఏడాది మూడు అయిపోయాయి.

వెళ్లినవాళ్ల ఇళ్లకి రెండు రకాల గతి పట్టింది. కొన్నిటిని డబ్బున్నవాళ్లు కొని నేలమట్టం చేసి, మూడంతస్తులు లేపి ముందంతా గాజు పెట్టించుకున్నారు. కొన్నిటిని వ్యాపారస్తులు కొని, ప్లైవుడ్ చెక్కలతో అడ్డాలు కట్టి, ఒక్కో ఇంటిని ఏడెనిమిది గదులు చేసి, ఊరిచివర గోదాముల్లో పార్సిళ్లు కట్టే పనివాళ్లకి అద్దెకిచ్చారు. ఒక ఇంట్లో మనుషులకి మించిన గదులు, పక్కింట్లో గదులకి మించిన మనుషులు. గాజు ఇళ్ల పిల్లలు పొద్దున్నే వ్యాన్లెక్కి దూరంగా పెద్ద బళ్లకి పోతారు. గదుల ఇళ్లలో పిల్లలే లేరు. మధ్యలో, గోడకి అటువైపు గాజు మేడ లేచి పెరట్లో ఎండ మింగేసిన ఇంట్లో, నలభై తొమ్మిదేళ్ల హాజరమ్మ ఒక్కత్తే ఉంటుంది. తండ్రి ఆ ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయన పోయారు, తల్లీ పోయింది. పెళ్లి మాట ఒకటి రెండుసార్లు వచ్చి దానంతటదే పోయింది.

తనలో ఉన్న లోపం ఏమిటో హాజరమ్మకి బాగా తెలుసు. మనసులో ఒక మాట తయారుచేసుకుంటుంది, నోట్లోంచి ఇంకొకటి వస్తుంది. ఇరవై ఏళ్లు గోడకి అవతలే కాపురమున్న వెల్డరు భార్య సామాను లారీకెక్కించి, చివరికి తన దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది. 'నువ్వెళితే నేనెవరితో మాట్లాడను వదినా' అనాలని హాజరమ్మ రాత్రంతా అనుకుని ఉంది. తీరా నోరు తెరిస్తే, "గ్యాసు కట్టేశారా?" అన్న మాట వచ్చింది. ఆవిడ "కట్టేశాం" అంది. లారీ వెళ్లిపోయింది.

ఆ ఏడాది పరీక్షలయ్యాక బడికి ఒక ఉత్తర్వు వచ్చింది. కాలనీ హద్దుల్లో ఐదు నించి పదేళ్ల లోపు పిల్లలు నలభై మంది ఉన్నట్టు తేలితేనే బడి ఉంటుంది. లేకపోతే ఆరు కిలోమీటర్ల అవతల బడిలో కలిపేస్తారు. గుమాస్తాకి బదిలీ, లేదా ముందస్తు విరమణ. లెక్క పట్టడానికి హాజరమ్మనీ డ్రిల్లు మాస్టారినీ వేశారు. ఎవరింటిని వాళ్లే రాసుకోకూడదు గనక సొంత ఇల్లు రెండోవాళ్లకి వదిలి, మిగతా ఇళ్లు పంచుకున్నారు.

ఫారంలో పేర్లకి గడి లేదు. సొంత వివరాలు బయటికి పోకూడదట. ఎంతమంది, ఎవరు ఎవరికి ఏమవుతారు, వయసు, బడి, నెల ఆదాయం, అంతే. ఒకటో తారీకు రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకున్నారో వాళ్లనే రాయాలి. మొదటిసారి తలుపు తీస్తే ఆ ఇల్లు అయిపోయినట్టే. తియ్యకపోతే వేరువేరు రోజుల్లో మూడుసార్లు వెళ్లాలి. మూడోసారి కూడా ఎవరూ పలక్కపోతే 'నివాసులు లేరు' అని రాసి పంపెయ్యాలి. అద్దె ఇళ్లయితే అడుగున యజమాని సంతకం ఉండాలి.

హాజరమ్మకి ఆ పని భయంగా మొదలైంది. ఇరవై ఆరేళ్లు కిటికీ ఇవతల కూర్చున్న మనిషి. తలుపులు తట్టడం వేరే విద్య. గాజు మేడ ముందు నిలబడి బజర్ నొక్కితే గోడలోంచి ఆడగొంతు పలికింది.

"ఎవరూ?"

"బడి నించండీ, లెక్క రాసుకుంటున్నాం. ఇంట్లో ఎంతమందండీ?"

"ఇద్దరం."

"పిల్లలు?"

"రెండు కుక్కలున్నాయి."

"కుక్కలకి గడి లేదండీ."

గోడ నవ్వింది. "పాపం కదండీ మరి!" అంది. నెల ఆదాయం అడిగితే మళ్లీ నవ్వి, "మీకు తోచింది రాసేసుకోండి" అంది. ఈ గొంతు ఐదేళ్లుగా తన పక్కింట్లో ఉంటోంది. మొహం ఎలా ఉంటుందో హాజరమ్మకి ఇప్పటికీ తెలీదు.

గదుల ఇళ్లలో సంగతి వేరు. మగవాళ్లు లుంగీలతోనే గుమ్మంలోకి వచ్చి, ఆదాయం అడగ్గానే జీతం, ఓవర్‌టైము, సెలవుపెడితే కోత, అన్నీ విడివిడిగా చెప్పేవాళ్లు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "ఇది రాస్తే ఏమన్నా ఇస్తారా అక్కా?" అని అడిగేవాళ్లు. ఇవ్వరని చెబితే ఏమీ అనుకునేవాళ్లు కాదు. "పోన్లే, ఒకరన్నా అడిగారు" అన్నాడు ఒకతను.

వారం తిరిగేసరికి ఆవిడకి ఇరవై ఒక్కమంది దొరికారు. డ్రిల్లు మాస్టారికి పద్దెనిమిది. ఆఫీసులో లెక్క కూడుతూ ఆయన కాగితాల కట్ట తిరగేసి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఒక మాట. తిట్టకూడదు."

"ఏం చేశావు?"

"మీ ఇంటికి మూడుసార్లొచ్చా. మూడుసార్లూ తాళమే."

"తాళం కాక మరేముంటుంది? నేనూ నీలాగే ఊరి మీద పడి తిరుగుతున్నానుగా."

"అదే. అందుకని 'నివాసులు లేరు' అని రాసి పంపేశా."

హాజరమ్మ అతనివంక చూసింది. "రోజూ నా పక్క కుర్చీలో కూర్చుని టీ తాగుతావు కదయ్యా! నేనున్నానో లేనో నీకు తెలీదూ?"

"కుర్చీ వేరు, ఇల్లు వేరు అక్కా. నిబంధన కదా. అయినా మీరేమన్నా చిన్నపిల్లా ఏంటి, మిమ్మల్ని రాస్తే నలభై అవడానికి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రధానోపాధ్యాయురాలు కూడా తన గదిలోంచి నవ్వింది. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తూ హాజరమ్మ ఒక్క క్షణం ఆగింది. లోపల లైటు వెయ్యకుండా కాసేపు కుర్చీలో కూర్చుంది. నివాసులు లేని ఇల్లు ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. పెద్ద తేడా ఏమీ కనిపించలేదు.

ముప్ఫై తొమ్మిది. ఇంకొక్కళ్లు కావాలి. మిగిలింది ఒకే ఇల్లు, బేకరీ ఆయన కొన్న పాత ఫోర్‌మన్ ఇల్లు. అందులో ఆరు గదులు అయిపోయాయి, ఐదో నంబరు గది తలుపు మాత్రం తీసుకోలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు తట్టి, నిలబడి, వెనక్కి తిరుగుతుంటే లోపల ఎవరో దగ్గారు. చిన్న దగ్గు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గితే వచ్చే చప్పుడు. ఇరవై ఆరేళ్లు బళ్లో ఉన్న మనిషి, పిల్లల దగ్గు పోల్చుకోలేకపోవడమా? హాజరమ్మ గుండె జల్లుమంది. ఆ జల్లు బడి కోసమో తన కుర్చీ కోసమో తరవాత ఎంత తవ్వుకున్నా ఆవిడకి తేలలేదు.

రెండోసారి మధ్యాహ్నం రెండింటికి వెళ్లింది. తట్టకుండా, తలుపు దగ్గర వంగి మెల్లిగా, "అమ్మడూ, నేను బడి నించి వచ్చాను" అంది. గడియ కదిలింది. బెత్తెడు సందులోంచి ఒక పిల్ల కళ్లెత్తి చూసింది. ఆరేళ్లుంటాయి. పై పళ్లు రెండూ ఊడి ఉన్నాయి. నోటి మీద వేలుంచుకుని, "ష్, అమ్మ పడుకుంది" అని, అంతలోనే లోపలికి రమ్మని తల ఊపింది.

అది ఫోర్‌మన్ ఇంట్లో వంటగది. జంట ఇళ్లన్నీ ఒకే అచ్చు గనక హాజరమ్మకి కళ్లు మూసుకున్నా తెలుసు: ఇక్కడ గట్టు ఉండాలి, అక్కడ గూడు ఉండాలి. గట్టు మీద ఇప్పుడు బట్టలు మడతపెట్టి ఉన్నాయి. కింద పరుపు మీద ఒక మనిషి గోడవైపు తిరిగి, కళ్ల మీద గుడ్డ కట్టుకుని నిద్రపోతోంది. గూట్లో రెండు పళ్లాలు, రెండు గ్లాసులు. కిటికీకి పార్సిల్ అట్ట అతికించి ఉంది. అట్ట అంచులోంచి సన్నగా పడుతున్న వెలుతురు గీత దగ్గర పిల్ల ఆడుకుంటోంది కాబోలు, అక్కడ అయిపోయిన టేపు చుట్టలు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"మిమ్మల్ని ఏమని పిలవాలి?" పిల్ల గుసగుసగా అడిగింది. "ఆంటీ అనా, మామ్మ అనా?"

"నీకెలా అనిపిస్తే అలా."

పిల్ల శ్రద్ధగా చూసింది. "తలేమో మామ్మ. మొహమేమో ఆంటీ."

హాజరమ్మకి నవ్వొచ్చింది. చప్పుడు కాకుండా నవ్వడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పిల్లకి అది అలవాటే. నవ్వొస్తే మోకాళ్ల మధ్య మొహం పెట్టేసుకుంటోంది. ఆ టేపు చుట్టలు బస్సులట. ఒక్కో బస్సుకీ ఒక్కో పేరుంది. పేర్లన్నీ చెవిలో చెప్పింది. చెవిలో పిల్ల ఊపిరి తగిలి ఎన్నేళ్లయిందో హాజరమ్మ లెక్కవెయ్యబోయి మానేసింది. తరవాత పిల్ల పరుపు కింద నించి ఒక గాలిబుడగల ప్లాస్టిక్కు ముక్క తీసింది, గాజు సామాను చుట్టి పంపుతారే, అది. ఒక్కో బుడగ మీదా వేలు ఆనించి, కొంచెం అదిమి వదిలేస్తోంది.

"పగలగొట్టవా?"

"ఊహూఁ. చప్పుడు చెయ్యకూడదు. పక్క గదుల్లో మామయ్యలు కూడా పడుకుంటారు. ఇలా నొక్కి వదిలేస్తే మళ్లీ లేస్తుంది, చూడండి. మీరూ నొక్కండి."

హాజరమ్మ నొక్కింది. వేలికి బలం ఎంతివ్వాలో తెలియలేదు. టప్పుమని పగిలింది.

పరుపు మీద మనిషి ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. కళ్లగుడ్డ లాగేసి, ముందు పిల్లని వెనక్కి లాక్కుంది, తరవాత చూసింది. హాజరమ్మ చేతిలో అట్ట, అట్ట మీద ఫారం, ఫారం మీద పెన్ను.

"ఎవరండీ మీరు?"

"బడి నించమ్మా. లెక్క... ఇల్లిల్లూ రాసుకుంటున్నాం."

ఆ మొహంలో నిద్రంతా ఒక్కసారి దిగిపోయింది. ముప్ఫై ఏళ్లుండవు. మాట మాత్రం నెమ్మదిగానే వచ్చింది. "అక్కా, మీకు దణ్ణం పెడతాను. పిల్లని రాయొద్దు. పిల్లలుంటే గది ఇవ్వనన్నాడు ఇంటాయన. ఎక్కడికెళ్లినా అదే మాట. ఇది నాలుగో గది మాకు."

"బడి దగ్గరేనమ్మా. రెండు వీధుల అవతలే."

"నాకు మాత్రం పంపాలని ఉండదా? రాత్రి ఎనిమిదికి పోతే పొద్దున ఆరున్నరకి వస్తాను. బడి టైముకి నాకు ఒళ్లు తెలీదు. తీసుకెళ్లేదెవరు, తీసుకొచ్చేదెవరు? నాకు పగటి డ్యూటీ వేస్తామన్నారు. వెయ్యగానే నేనే తీసుకొచ్చి చేర్పిస్తాను, సరేనా? అంతవరకూ మమ్మల్ని చూడలేదనుకోండి అక్కా."

హాజరమ్మ మనసులో ఒక వాక్యం లేచింది. 'పగలు మా ఇంట్లో వదిలెయ్యి, నేను చూసుకుంటాను. అక్కడ ఎంత చప్పుడు చేసినా అడిగేవాళ్లు లేరు.' పూర్తిగా, కామాలతో సహా వచ్చి నిలబడింది. అది ఎవరి కోసం అంటున్న మాట? పిల్ల కోసమేనా? ముక్కూమొహం తెలియని మనిషికి పిల్లనెవరిస్తారు? పిల్ల కనపడగానే వాలిపోయిందనుకోదూ? ఇన్ని ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడేసరికి వాక్యం అడుగున పడిపోయింది. పిల్ల తల్లి భుజం మీంచి చూస్తోంది. ఇప్పుడు లేచి వెళ్లిపోతే మళ్లీ ఈ గుమ్మం తొక్కడానికి ఒక కారణమంటూ ఉండదు. తలుపు తీశారు, మనుషుల్ని చూసింది, నిబంధన ప్రకారం ఈ గదితో పని అయిపోయింది.

"ఇంకోసారి రావాలమ్మా నేను," అంది హాజరమ్మ. "మూడుసార్లు రావాలని నిబంధన. శుక్రవారం వస్తాను."

తల్లి పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "శుక్రవారమా," అని, "సరే అక్కా," అంది.

వీధిలోకి వచ్చాక గానీ తను అబద్ధమాడినట్టు హాజరమ్మకి తట్టలేదు. ఉద్యోగంలో అది ఆవిడ మొదటి అబద్ధం. సిగ్గువేసింది. దాని వెనకాలే ఎక్కడి నించో సంతోషం కూడా వచ్చింది. శుక్రవారానికి ఇంకా మూడు రోజులు.

ఆ మూడు రోజులూ ఆవిడ ఫారం ముట్టుకోలేదు. ప్రధానోపాధ్యాయురాలు రెండుసార్లు అడిగింది: "ఏమే, ఆ ఒక్కళ్లూ దొరికారా?" "చూస్తున్నా మేడం." డ్రిల్లు మాస్టారైతే, "అక్కా, పోనీ గాజింటి కుక్కకి గౌను తొడిగి రాసేద్దామా?" అన్నాడు. ఆవిడ నవ్వింది గానీ మనసు అక్కడ లేదు. ఎదురుగా రెండు దారులున్నాయి. పిల్లని రాస్తే బడి ఉంటుంది, కుర్చీ ఉంటుంది. ఫారం యజమాని చేతికి సంతకానికి వెళ్లిన రోజే ఆ గది పోతుంది. రాయకపోతే గది ఉంటుంది. పదిన్నరకి చీటీలు పోగుచేసే పని ఉండదు. ఆ పని లేని పదిన్నర ఎలా ఉంటుందో ఊహించుకోవాలంటే ఆవిడకి ఒక ఖాళీ గడి కనిపించేది. ఆ ఖాళీలో ఇప్పుడు టేపు చుట్టల బస్సులు తిరుగుతున్నాయి.

గురువారం పదకొండింటికే ఇంటికొచ్చి ముందరి గది సర్దింది. తండ్రి పనిముట్ల పెట్టె మంచం కిందకి తోసింది. నేల మీద ఎండ పడే చోటు కోసం వెతికితే, గాజు మేడ పుణ్యమా అని ఒక్క చాపంత మేర, అదీ పదకొండింటి నించి పన్నెండింటి దాకానే ఉంది. అక్కడ చాప పరిచింది. అప్పటికి నిర్ణయం అయిపోయిందని ఆవిడకే అర్థమైంది. పిల్లని రాయదు. విరమణ తీసుకుంటుంది. పగలంతా పిల్ల ఇక్కడ గెంతులేసుకోవచ్చు, అక్షరాలు తనే నేర్పగలదు. ఇవన్నీ ఒక్క గుక్కలో చెప్పాలి. ఈసారి నోరు మోసం చెయ్యకుండా పైకి అని చూసుకుంది. అద్దం ముందు అంటే బడిలో పద్యం అప్పజెప్పినట్టు ఉంది. గిన్నెలు తోముతూ అంటే బాగానే వచ్చింది. "నేను రాయనమ్మా. రాయడానికి రాలేదు. పిల్లని పగలు మా ఇంటికి పంపు."

శుక్రవారం రెండింటికి ఐదో నంబరు గది తలుపు బార్లా తెరిచి ఉంది. పరుపు లేదు. గట్టు మీద బట్టలు లేవు. బేకరీ ఆయన కిటికీకి అతికిన అట్టని చాకుతో గోకి తీస్తున్నాడు. గది నిండా ఎండ.

"రండమ్మా. ఇదిగో, ఖాళీ అయింది," అన్నాడు. "నిన్న పొద్దున డ్యూటీ దిగి వచ్చింది, పదింటికల్లా ఆటో మాట్లాడుకుని పోయింది. ఒకటో తారీకున కట్టిన అద్దెకి నెల కూడా నిండలేదు. ఎవరో రెండుసార్లొచ్చారట, శుక్రవారం మళ్లీ వస్తారట, రాసుకుపోతారట. అంత భయమెందుకో!"

హాజరమ్మ గుమ్మంలోనే ఆగింది. "ఎక్కడికి వెళ్లిందో చెప్పిందా?"

"చెబుతారా వీళ్లు? గోదాములు ఒకటా రెండా?"

"పాప..."

ఆయన చాకు ఆపాడు. కాసేపు చెవి వెనక గోక్కున్నాడు. "నాకు తెలుసండీ," అన్నాడు. "తల్లి డ్యూటీకి పోయాక కూడా రాత్రంతా లైటు వెలుగుతుండేది. కరెంటు బిల్లు కట్టేది నేనేగా. ఒంటరిగా పడుకుంటుంది, భయమేస్తుంది, లైటుంచుకుంటుంది. నేనేం రాయినా? చూసీచూడనట్టు పోయాను. అయితే కాగితం మీదకెక్కితే మాత్రం ఊరుకోలేనమ్మా, మిగతా గదులవాళ్లు మా పిల్లల్నీ తెచ్చుకుంటామని నా పీకమీద కూర్చుంటారు. ఇప్పుడంటే వెళ్లిపోయింది గనక మీరేం రాసుకున్నా నాకేం లేదు. ఎక్కడ పెట్టమంటారు సంతకం?"

అట్ట లేని కిటికీ గట్టు మీద ఫారం పెట్టుకుని హాజరమ్మ పెన్ను తీసింది. ఇప్పుడు రాస్తే ఎవరికీ నష్టం లేదు. అబద్ధమూ కాదు. ఒకటో తారీకున వాళ్లు ఇక్కడే ఉన్నారు. ప్రశ్న మళ్లీ చదివింది: ఒకటో తారీకు రాత్రి ఈ ఇంట్లో పడుకున్నవారు ఎంతమంది? తల్లి ఆ రాత్రి గోదాములో ఉంది. చదివిన చోటే ఆవిడ చాలాసేపు ఆగిపోయింది. నిబంధన ప్రకారం ఆ రాత్రి ఈ గదిలో నివాసి ఒక్కత్తే. మొత్తం: ఒకరు. ఐదు నించి పదేళ్ల లోపు: ఒకరు. ఇంటి పెద్ద అన్న గడిలోనూ ఆ ఒక్కరినే రాయాలి. వయసు అడగలేదు, ఊడిన పళ్లు తలుచుకుని ఆరు అని రాసింది. బడికి వెళుతున్నదా: లేదు. నెల ఆదాయం దగ్గర పెన్ను పెట్టి, తీసి, అడ్డగీత గీసింది.

బేకరీ ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. "ఇంతేనా? ఇంత దానికి పారిపోయిందా పిచ్చిది," అంటూ మళ్లీ అట్ట గోకడం మొదలుపెట్టాడు.

నలభై అయింది. రెండేళ్లవరకూ బడికి ఢోకా లేదని పై నించి కాగితం వచ్చిన రోజు ప్రధానోపాధ్యాయురాలు కుర్చీలోంచి లేచి వచ్చి హాజరమ్మ భుజం తట్టింది. "గట్టిదానివే! ఇంతకీ ఆ నలభయ్యో పిల్ల ఎవరే? తల్లితో నేనే వెళ్లి మాట్లాడతాను, బళ్లు తెరవగానే చేర్చుకుందాం."

"ఇల్లు మారారు మేడం."

"అయ్యో. పోన్లే, మన లెక్కకైతే వచ్చిందిగా," అని ఆవిడ తన గదిలోకి వెళ్లిపోయింది.

డ్రిల్లు మాస్టారు మాత్రం వెళ్లలేదు. "ఏంటక్కా, బడి నిలబెట్టి మొహం అలా పెట్టారు? మీరింకో పదేళ్లు మా నెత్తినెక్కి కూర్చుంటారని మేం కదా ఏడవాలి," అన్నాడు. హాజరమ్మ ఏదో అనబోయింది. "నీ చీటీల్లో తారీకు వెయ్యడం లేదు, వెయ్యి," అంది.

బళ్లు తెరిచాక ఆవిడ పొద్దున్నే దారి మార్చింది. గోదాముల బస్సులు రాత్రి డ్యూటీవాళ్లని దింపే మలుపు కాలనీ అంచులో ఉంది. ఆరున్నరకల్లా అక్కడ నిలబడేది. బస్సు ఆగేది, ఆడవాళ్లు దిగేవాళ్లు. కొందరికి మొహాల మీద మాస్కుల గీతలు, వేళ్లకి టేపు జిగురు. నిద్రకి తూలుతూ, ఎండకి కళ్లు చికిలించుకుంటూ ఎవరి సందుల్లోకి వాళ్లు పోయేవాళ్లు. హాజరమ్మ ఒక్కో మొహమూ చూసేది. వాక్యం సిద్ధంగానే ఉంది, తడుముకోవాల్సిన పని లేదు.

పదో రోజో పదకొండో రోజో ఒకామె ఎదురుగా ఆగింది. లావుపాటి మనిషి, చేతిలో ఖాళీ టిఫిను డబ్బా. "రోజూ చూస్తున్నా, ఎవరి కోసం అక్కా?"

"ఒకావిడ. మీ గోదాములోనే అనుకుంటా. ముప్ఫై లోపుంటుంది."

"పేరు?"

పేరు. ఫారంలో గడి లేదు. గడి లేదని అడగలేదు. తల్లిదీ లేదు, పిల్లదీ లేదు. బస్సుల పేర్లు మాత్రం అన్నీ గుర్తున్నాయి.

"పేరు తెలీదమ్మా. చిన్న పాప ఉంది. ఆరేళ్లు. ముందు పళ్లు ఊడాయి."

ఆమె వెనక్కి తిరిగి, ఇంకా దిగుతున్నవాళ్లని చూసింది. "ఏమేవ్, మనలో పిల్లలున్నవాళ్లు ఎవరే?" అని కేకేసింది. ఎవరూ పలకలేదు. ఇద్దరు ముగ్గురు అడుగు వేగం పెంచారు. ఒకమ్మాయి కొంగు సర్దుకుంటూ రోడ్డుకి అవతలి పక్కకి మారిపోయింది.

"చూశావుగా," అంది ఆమె, గొంతు తగ్గించి. నవ్వుతోందో లేదో తెలియలేదు. "ఇందులో సగం మందికి పిల్లలున్నారక్కా. ఇక్కడెవరికీ లేరు."

ఆమె కూడా డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. హాజరమ్మ మలుపులో నిలబడి కాలనీ వైపు చూసింది. గదుల ఇళ్ల కిటికీలన్నిటికీ, ఈ చివరి నించి ఆ చివరి దాకా, లోపలి నించి అట్టలు అతికించి ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి ఎండ పడకుండా పెట్టారనుకుంది. ఏ అట్ట వెనకా చప్పుడు లేదు. ఆవిడ చేతిలో బడి తాళాలున్నాయి. ఏడున్నరకి గేటు తియ్యాలి.